తల నిలబెట్టే కుర్చీ

ఆ రోజు ఇంట్లో ఆరుగురున్నారు. ముందు గదిలో, అంటే పని గదిలో, నాన్న. గుమ్మం పక్కన చాప మీద కాళ్ళు చాపుకుని నానమ్మ. లోపలి గదిలో తెర వెనక, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి తెల్లారాక వచ్చి పడుకున్న అమ్మ. కిటికీ కింద గువ్వ. గువ్వకి చెయ్యి అందేంత దూరంలో దాని అక్క, ఇంట్లో అందరూ పెద్దది అని పిలిచే పిల్ల. ఆరో మనిషి ఇంటి మనిషి కాదు. పదకొండు దాటాక రెండు సంచులు మోసుకుని వచ్చిన టీచరు, బడికి రాలేని పిల్లల్ని ఇంటింటికీ వెళ్ళి చూసే ఆవిడ. ఆవిడ తలుపు తట్టేదాకా మిగతా ఐదుగురూ ఎవరి అలసటలో వాళ్ళున్నారు.

ముందు సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గువ్వకి ఆరేళ్ళు. పుట్టినప్పటి నుంచీ దాని కళ్ళు ఒక చోట నిలవవు, గాలిలో పెట్టిన దీపంలా అల్లాడుతూనే ఉంటాయి. నడుములో బలం తక్కువ, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతుంది. ఎదురుగా ఏదైనా పెడితే ముఖం ఎడమకి తిప్పి, గడ్డం కిందికి దించి, పిట్టలా ఓరగా ఉండిపోతుంది. అందుకే నాన్న దాన్ని గువ్వ అని పిలిచాడు. పేరైతే ముద్దుగా నిలిచింది గానీ ఆ ఓర తల మాత్రం ఇంట్లో ఎవరికీ ముద్దనిపించలేదు. నాన్న వడ్రంగి. ఆయన చేసిన బల్ల గాని, తలుపు గాని రసమట్టంలో బుడగ నడిమధ్య నిలిస్తే తప్ప గడప దాటదు. అలాంటి మనిషి ఇంట్లో వంకర మెడా? చెక్క వంగితే సరిచేసి, జిగురు పెట్టి, క్లాంపు బిగించి ఆరేదాకా ఉంచుతారు. చెక్క మాట వింటుంది. ఆ లెక్కనే ఆరు నెలల కిందట గువ్వకొక కుర్చీ చేశాడు.

నిటారు వీపు. తలకి అటూ ఇటూ రెండు చెక్క రెక్కలు, వాటికి లోపల మెత్తటి దుప్పటి గుడ్డ. నుదుటికి, కొక్కెం తగిలించే కన్నాలున్న పట్టీ. పెద్దవాళ్ళతో సమానంగా బల్ల ముందు కూర్చోవాలని ఎత్తుగా చేశాడు, గువ్వ పాదాలు నేలకి జానెడు పైన వేలాడేవి. పొద్దున గంట, సాయంత్రం గంట. "చీకటి కుర్చీ వద్దు" అని గువ్వ మొదటి వారమంతా ఏడ్చింది. పాపం, మూల చీకటిగా ఉందనుకుని నాన్న కుర్చీని కిటికీ కిందికి జరిపాడు. పైన ఒక బల్బు కూడా పెట్టాడు.

తొమ్మిది రోజుల కిందట పెద్దది ఒక సంగతి చూసింది. గువ్వ రెండు చెక్క దొంతరల మధ్య ఇరుక్కుని నేల మీద కూర్చుంది. అటూ ఇటూ ఆనుకోవడానికి చెక్కలున్నాయి, పాదాలు నేలకి ఆనాయి. ముఖం ఎడమకి, గడ్డం కిందికి. అలా కాసేపుండి, బారెడు దూరంలో రంపపు పొట్టులోకి దొర్లి ఆగిన నల్ల మేకు దగ్గరికి తిన్నగా పాకి వెళ్ళి తీసుకుంది. తడుముకోలేదు. పెద్దది గుండె చిక్కబట్టుకుని ఇంకో మేకు వేసింది. గువ్వ మళ్ళీ దొంతరలకి చేరగిలబడి, తల తిప్పుకుని, దాన్నీ తెచ్చుకుంది.

ఆ మాట పెద్దది ఎవరికీ చెప్పలేదు. పదహారేళ్ళొచ్చినా నోట్లో నాలుక లేని పిల్ల అని నానమ్మ అనేది ఊరికే కాదు.

ఈ రోజు టీచరు రాసే కాగితం మీదే అంతా ఆధారపడి ఉంది. పనికొచ్చే చూపు ఉందని రాస్తే వీధి చివరి బడిలోనే గువ్వకి చోటు. లేదని రాస్తే, రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే గాని రాని ఊళ్ళో, చూపులేని పిల్లల హాస్టల్. రెండు జాబితాలూ ఈ సాయంత్రంతో ముగుస్తాయి.

"మేకులుంటాయి మేడమ్, చెప్పులు విప్పకండి" అన్నాడు నాన్న.

టీచరు చెప్పులతోనే లోపలికొచ్చి, చూపించిన ముక్కాలిపీట మీద కూలబడింది. మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేసి, అడక్కుండానే పెద్దది తెచ్చిన రెండో గ్లాసు కూడా తాగింది.

"ఎన్నో ఇల్లమ్మా ఇది?" అంది నానమ్మ.

"నాలుగోది పెద్దమ్మా. ఇంకా రెండున్నాయి."

"అన్నీ నడకేనా?"

"బస్సెక్కితే దిగాల్సిన చోట ఆపరు, మళ్ళీ వెనక్కి నడవాలి. ఆ రెండో నడక కన్నా మొదటి నడకే నయం."

నానమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. తెల్లవారుజామునే తుడిచిన కుర్చీని భుజం మీది గుడ్డతో ఇంకోసారి తుడుస్తున్నాడు. టీచరు లేచి కుర్చీ చేతుల మీద, వీపు మీద వేలు పోనిచ్చి చూసింది.

"ఒక్క మేకు లేదే మేస్త్రిగారూ!"

"మేకు కొడితే కుర్చీ కాదండీ, పెట్టె" అన్నాడు నాన్న. చాలా రోజుల తరవాత ఆయన ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది. "పెద్దదానా, చెల్లిని కూర్చోబెట్టు."

పెద్దది గువ్వని ఎత్తి కుర్చీలో పెట్టింది. రెండు రెక్కల మధ్య తల సర్దింది. పట్టీ చుట్టి కొక్కెం తగిలిస్తుంటే గువ్వ దాని చెవిలో గొణిగింది.

"అక్కా, చీకటి."

"కాసేపే" అంది పెద్దది. రోజూ అనే మాటే.

టీచరు సంచిలోంచి ఒక్కొక్కటీ తీసింది. ఎర్ర బంతి. నల్ల గీతల అట్ట. పసుపుపచ్చ గిన్నె. చిన్న టార్చి. బంతిని గువ్వ ముఖానికి మూరెడు దూరంలో పట్టుకుంది.

"ఏం పట్టుకున్నానమ్మా?"

గువ్వ వేళ్ళు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి. కింద పాదాలు నేల కోసం వెతుక్కుంటున్నాయి. నోరు తెరుచుకుంది. కళ్ళు అటూ ఇటూ, అటూ ఇటూ పరుగెడుతూనే ఉన్నాయి.

"తెలీదు."

"బంతి. ఎక్కడుంది చెప్పు, పైనా కిందా?"

"పైన" అంది గువ్వ. బంతి కింద ఉంది.

"భయపడుతోందమ్మా" అంది నానమ్మ. "కొత్తవాళ్ళు కదా. నాకూ కొత్తవాళ్ళని చూస్తే మాట రాదు."

"నీకా?" అన్నాడు నాన్న.

టీచరు అట్ట చూపించింది, గిన్నె చూపించింది. గువ్వ అన్నిటికీ తెలీదనే అంది. ఆఖరికి ఏం చూపించకుండానే తెలీదు అంది. టార్చి వేస్తే మాత్రం కళ్ళు చిట్లించింది. పావుగంట గడిచేసరికి దాని గడ్డం వెంట చొంగ కారి గౌను మెడ తడిసింది. టీచరు కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసింది. రాస్తున్నప్పుడు ఆవిడ చేతికీ మనసుకీ పొత్తు ఉన్నట్టు లేదు.

"వెలుతురుందో లేదో తెలుస్తోంది. అంతకు మించి లేదండీ" అంది. "హాస్టల్ మంచిదే. నేను చూసొచ్చాను. వేళ్ళతో చదవడం నేర్పుతారు, ఒంటరిగా నడవడం నేర్పుతారు. నిజంగా కనపడని పిల్లకి ఇక్కడి కన్నా అదే మేలు."

"పోనీలే" అంది నానమ్మ, ఎవరి ముఖమూ చూడకుండా. "ఇక్కడుంటే ఎవరికుంది ఓపిక? దాని తల్లి రాత్రంతా మంది పక్కదుప్పట్లు మార్చి వస్తుంది, పగలు దీని పక్కదుప్పటి మారుస్తుంది. మనిషి సగమైపోయింది. నాకా, లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను."

నాన్న చెవి మీద ఉన్న పెన్సిలు తీసి, అది పెన్సిలని చూసుకుని, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. టీచరు పెన్ను ఇచ్చింది. ఆయన నిలబడే, బల్ల మీద కాగితం పెట్టి, గీటు గీసినంత జాగ్రత్తగా సంతకం చేశాడు.

అప్పుడు ఎవరో అన్నారు, "కుర్చీలోంచి దించండి" అని.

నాన్న తెర వైపు చూశాడు, అమ్మ లేచిందేమో అని. టీచరు నానమ్మ వైపు చూసింది. పెద్దదాని వైపు ఎవరూ చూడలేదు. దాని గొంతు ఇంత గట్టిగా ఉంటుందని దానికే తెలియదు.

"ఆ కుర్చీలో దానికి కనిపించదు" అంది పెద్దది. "కిందకి దించండి."

"ఏంటే?" అన్నాడు నాన్న.

పెద్దది జవాబు చెప్పడం మొదలుపెడితే కాళ్ళు ఆగిపోతాయని భయపడి, ముందు పట్టీ కొక్కెం తీసేసింది. గువ్వని ఎత్తుకుని నానమ్మ చాప పక్కనున్న చెక్క దొంతర దగ్గరికి పోయి, దొంతరకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. గువ్వని తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టి, తుంటి రెండు వైపులా చేతులతో అదిమి పట్టుకుంది. ఒక చెక్క పలకని కాలితో దగ్గరికి లాగి గువ్వ పాదాల కింద పెట్టింది. గువ్వ పాదాలు పలకని తొక్కి చూశాయి. పెద్ద బరువేదో దిగిపోయినట్టు అది ఊపిరి వదిలింది.

దాని తల మెల్లగా ఎడమకి తిరిగింది. గడ్డం కిందికి దిగింది.

"తల తిన్నగా పెట్టవే తల్లీ" అంటూ నానమ్మ చాప మీంచే వంగి చెయ్యి చాచింది. ఆరేళ్ళ అలవాటు. గువ్వ తల ఎక్కడ ఒరిగితే అక్కడ ఆ చెయ్యి ఉండేది. మొక్కై వంగనిది మానై వంగునా అనేది ఆవిడ.

పెద్దది ఆ చేతిని తోసేసింది.

"ముట్టుకోకు నానమ్మా."

"ఓసి నీ! మూగదనుకున్నానే! చేతులు కూడా వచ్చాయే దీనికి!"

"మేడమ్" అంది పెద్దది. "ఇప్పుడు చూపించండి."

టీచరు కాగితం మడిచి సంచిలో పెట్టబోతూ ఆగింది. ఇంకా రెండు ఇళ్ళున్న మనిషి. అయినా ముక్కాలిపీటని ముందుకు లాక్కుని బంతి పట్టుకుంది. గువ్వ ఏమీ అనలేదు.

"చూశావా?" అన్నాడు నాన్న. కోపం కాదది, అలసట.

"కదపండి మేడమ్. కదిలితేనే దానికి ముందు దొరుకుతుంది."

టీచరు బంతిని మెల్లగా అటూ ఇటూ ఊపింది. గువ్వ కళ్ళ అల్లాట తగ్గింది. పూర్తిగా ఆగలేదు, వాన వెలిసే ముందు చినుకులు పలచబడ్డట్టు తగ్గింది. ఆ కళ్ళు కుడి మూలకి పోయి, అక్కడి నుంచి బంతిని పట్టుకుని దాని వెంట నడిచాయి.

"ఎర్రది" అంది గువ్వ.

టీచరు బంతి దించేసి గిన్నె తీసి ఊపింది. "పచ్చది. గిన్నె" అంది గువ్వ. ఆవిడ గిన్నెని కింద పెట్టింది. గువ్వ చూపు గిన్నె వెంట కిందికి దిగింది. దిగి, గిన్నె దగ్గర ఆగకుండా ఇంకాస్త అవతలికి పోయింది.

"చెప్పుకి పిన్నీసు ఉంది" అంది గువ్వ.

టీచరు చటుక్కున కుడికాలు వెనక్కి లాక్కుంది. అందరూ ఆ కాలు వైపే చూశారు. వార తెగిపోయిన చోట పిన్నీసు పెట్టి ఉంది. గింజంత మెరుపు.

"మీరేమైనా చెప్పారా దానికి?" అన్నాడు నాన్న.

"నేనా? పొద్దుటి నుంచీ నాలుగిళ్ళలో ఎవరికీ కనిపించకుండా దాచుకుంటూ తిరుగుతున్నా" అంది టీచరు. "కళ్ళున్నవాళ్ళు ఒక్కరూ చూడలేదు."

తెర కదిలింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు రేగి, చెంప మీద దిండు మడతల గీతలు పడున్నాయి. నిద్రపోయిన ముఖంలా లేదు.

"పడుకున్నావనుకున్నా" అన్నాడు నాన్న.

"సంతకం పెడుతుంటే పెన్ను చప్పుడు కూడా వినిపించింది" అంది అమ్మ. "నిద్ర ఎవరికి పడుతుంది?"

వచ్చి గువ్వ ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఇద్దరి ముఖాలకీ మధ్య మూరెడు దూరం. అమ్మ ఏదో అడగబోయి రెండుసార్లు మింగేసింది. ఆరేళ్ళుగా అడగాలనుకుని, జవాబుకి భయపడి అడగని మాట.

"నేను కనిపిస్తున్నానా తల్లీ?"

గువ్వ తల తిప్పుకునే ఉంది. "కదులు" అంది.

"ఏంటి?"

"అమ్మా, కదులు. కదిలితే కనిపిస్తావు."

అమ్మ కదిలింది. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి, కూర్చున్న చోటే భుజాలు ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపుతూ, ఎవరో పాట పాడుతున్నట్టు ఊగింది. గువ్వ కళ్ళు ఆవిడని పట్టుకున్నాయి.

"జుట్టు ఇలా ఉందేంటి?" అంది గువ్వ.

అమ్మ నవ్వబోయి చేతులతో ముఖం కప్పుకుంది. చేతుల వెనక కూడా ఊగడం మానలేదు, మానితే పిల్లకి కనిపించకుండా పోతానేమో అన్నట్టు.

నానమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

నాన్న మాత్రం గువ్వ దగ్గరికి రాలేదు. కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. "మరి అందులో ఎందుకు కనిపించలేదు?" అని అడిగాడు. అడిగింది టీచర్ని, చూసింది కుర్చీని.

టీచరు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "మేస్త్రిగారూ, నిచ్చెన చివరి మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి మేకు కొట్టగలరా?"

"కొట్టలేను. ముందు పడకుండా చూసుకుంటా."

"పాపకీ అంతే. నడుములో బలం లేదు, పాదాలు గాలిలో ఉన్నాయి. ఉన్న శక్తంతా పడిపోకుండా పట్టుకోవడానికే పోతే ఇక చూడటానికి ఏం మిగులుతుంది? కింద కూర్చోగానే పాదాలకి నేల దొరికింది, తుంటికి పట్టు దొరికింది. అప్పుడు చూడటానికి తీరిక వచ్చింది."

"మరి తల?"

టీచరు కుర్చీకున్న రెండు రెక్కల వైపు చూసి, చెప్పక తప్పదన్నట్టు చెప్పింది. "కళ్ళు ఇలా అల్లాడే పిల్లల్లో కొందరికి ఒక మూల ఉంటుందండీ. కళ్ళు ఆ మూలకి పోతే అల్లాట తగ్గుతుంది. ఈ పాపకి కుడి మూల అనుకుంటా. కళ్ళు కుడి మూలకి పోయి ఎదురుగా చూడాలంటే ముఖం ఎడమకి తిప్పాలి. మీరు వంకర అనుకున్నది అదే. ఆ పిల్ల చూసే పద్ధతే అది."

"అంటే ఈ రెక్కలు..." అన్నాడు నాన్న.

"నాకైనా తెలియాల్సింది" అంది టీచరు. "పదిహేనేళ్ళుగా ఇదే పని నాది. కుర్చీ పనితనం చూశాను గానీ పిల్ల పాదాలు చూడలేదు. నాలుగో ఇల్లు కదా, నాకూ కళ్ళు అలిసిపోయాయి."

ఆవిడ తన తప్పు ఒప్పుకోవడం నాన్నకి ఊరట ఇవ్వలేదు. ఆయన బొటనవేలితో రెక్క లోపలి మెత్తటి గుడ్డని నొక్కుతూ ఉండిపోయాడు. ఆ గుడ్డ ఆయన తన కొత్త దుప్పటి చింపి పెట్టింది. తల ఎత్తి పెద్దదాన్ని చూశాడు.

"నీకెలా తెలుసు?"

పెద్దదానికి మేకుల సంగతి చెప్పక తప్పలేదు. దొంతరల సందు, నల్ల మేకు, రెండో మేకు. చెబుతున్నంతసేపూ గువ్వ తుంటిని పట్టుకున్న చేతులు వదల్లేదు.

"ఎప్పుడు?"

పెద్దది గువ్వ జుట్టులోకి ముఖం దించుకుంది.

"ఎప్పుడు చూశావే?"

"తొమ్మిది రోజులైంది నాన్నా."

నాన్న కొలతలు లెక్కపెట్టే మనిషి. ఆయన పెదవులు కదిలాయి. "పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. పద్దెనిమిది సార్లు" అన్నాడు. "పద్దెనిమిది సార్లు కూర్చోబెట్టాం. ప్రతిసారీ పట్టీ బిగించింది ఎవరు?"

పెద్దది వేలాడుతున్న పట్టీ కొక్కెం వైపు చూసింది. "నేనే."

"తెలిసే బిగించావు."

"ఒక కన్నం వదులుగా కట్టాను నాన్నా."

అది చెప్పాక గాని ఎంత చిన్న మాటో దానికి తెలియలేదు. ఈ తొమ్మిది రోజులూ ఆ ఒక్క కన్నమే తన ధైర్యమనుకుంది. రోజూ పొద్దున నాన్న ఆ కుర్చీని తుడుస్తుంటే చూసి, ఇవాళ చెబుదాం అనుకునేది. ఆయన చేతులు అంత మెత్తగా తుడుస్తుంటే మాట రాక, రేపు చెబుదాం అనుకునేది. ఇప్పుడు అదంతా చెప్పాలని ఉంది. కానీ ఉన్న మాటలన్నీ ఇందాకే అయిపోయినట్టున్నాయి.

"దాన్నెందుకు అంటావు?" అంది అమ్మ కింద నుంచే. "కన్నవాళ్ళం, ఆరేళ్ళు మనం చూడలేదు. అది తొమ్మిది రోజులు చెప్పలేదు. ఏది ఎక్కువ?"

"చూడనివాళ్ళం చూడలేదు" అన్నాడు నాన్న. "చూసింది చెప్పలేదు."

నానమ్మ "ఒరేయ్" అని మొదలుపెట్టి, కొడుకు ముఖం చూసి ఆపేసింది.

టీచరు లేచి సంచులు భుజాన వేసుకుంది. "కాగితం సంగతి చెబుతా, వినండి. మీ సంతకమైపోయింది. నేను కొట్టేసి ఇంకోలా రాయాలంటే కారణం అడుగుతారు. అక్క ఒళ్ళో కూర్చుని చూసిందంటే ఆఫీసులో ఒప్పుకోరు. బడికి అక్క ఒళ్ళు పట్టుకుపోలేదుగా! కుర్చీలో, బల్ల ముందు, తనంతట తాను కూర్చుని చూడాలి. పాదాల కింద గట్టి పలక. తుంటి జారకుండా అటూ ఇటూ ఆధారం. మెడ కిందిదాకే వీపు, తల స్వేచ్ఛగా తిరగాలి. ముందు బల్ల వాలుగా ఉండాలి, కింద పరిచినట్టు కాకుండా ఎదురుగా లేచి ఉండాలి." గోడ గడియారం వంక చూసింది. పన్నెండున్నర. "మిగతా రెండిళ్ళూ చూసుకుని నాలుగింటికి మళ్ళీ వస్తా. నాలుగున్నరకి ఆఫీసు మూసేస్తారు. అప్పటిదాకా కాగితం నా సంచిలోనే ఉంటుంది. కుర్చీ చేయడానికి ఎంతసేపు పడుతుంది మీకు?"

"ఇది చేయడానికి ఆరు వారాలు పట్టింది" అన్నాడు నాన్న.

"మూడున్నర గంటలుంది" అంది టీచరు. పిన్నీసు చెప్పుని ఈసారి దాచుకోకుండా ఈడ్చుకుంటూ మెట్లు దిగిపోయింది.

నాన్న కుర్చీని తల నుంచి కాళ్ళదాకా చూశాడు. చెవి మీది పెన్సిలు తీసి కాళ్ళ మీద ఒక గీటు పెట్టాడు. చెరిపేశాడు. ఇంకో గీటు పెట్టాడు. ఆ కర్ర కోస్తే మళ్ళీ అతకదు, కొలత తప్పితే ఈ కుర్చీ కూడా ఉండదు, కొత్తదానికి వేళ కూడా ఉండదు. కొలవాలంటే పిల్ల కావాలి. వచ్చి వంగి, పెద్దదాని చేతుల్లోంచి గువ్వని తీసుకుని భుజాన వేసుకున్నాడు. రెండో చేత్తో కుర్చీని వెనక షెడ్డు వైపు ఈడ్చాడు. పెద్ద రంపం అక్కడే ఉంటుంది.

నాన్న కోస్తుంటే చెక్క రెండో చివర పట్టుకునేది పెద్దదే. పట్టు లేకపోతే కోత చివర చెక్క చీలిపోతుంది. పదేళ్ళ వయసు నుంచీ ఆ పని దానిదే, అందులో మాటలతో పని లేదు కూడా. అది లేచి వెనకే పరిగెత్తింది.

"చివర పట్టుకుంటా నాన్నా."

"అక్కర్లేదు."

"ఒక్కడివే ఎలా..."

"అక్కర్లేదన్నానా!" అన్నాడు నాన్న, వెనక్కి తిరగకుండా. కుర్చీని గడప దాటించి లోపలికి వెళ్ళి, తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు.

"అక్క కూడా" అంది గువ్వ, ఆయన భుజం మీంచి.

గువ్వ పాదాలు ఆయన నడుము పట్టీని తొక్కిపట్టి నిలదొక్కుకున్నాయి. దాని ముఖం ఎడమకి తిరిగింది, గడ్డం దిగింది. కళ్ళు కుడి మూలకి పోయి, అల్లాట తగ్గి, గుమ్మం ఇవతల ఎవరి కోసమో వెతుకుతున్నాయి. పెద్దది కొయ్యబారి నిలబడిపోయింది. కదలకపోతే దానికి కనిపించనని గుర్తొచ్చి, చెయ్యి పైకెత్తేలోపు నాన్న తలుపు మూసేశాడు.